ఏమో అనే ఊరు

ఇంట్లో ఆవిడకు, నేను కులాసా. అమ్మాయి ఏం రాసినా సగమే నమ్ము.

అల్లుడు బళ్ళో పూర్వకాలపు పరదేశీ యాత్రికుల పటాలు పెట్టి పాఠాలు చెబుతాడు. పాత దారులు చూసి రమ్మని నాకూ ఒక నకలిచ్చాడు, పేర్లన్నీ మన అక్షరాల్లో రాసి. అందులో ఏటి ఒడ్డున ‘ఏమో’ అనే ఊరు కనబడితే, చూద్దామని బస్సెక్కాను.

“ఎక్కడికి పెద్దాయనా?” అన్నాడు కండక్టరు.

“ఏమో.”

“ఊరి పేరన్నా గుర్తుందా?”

“ఏమో అంటున్నాగా!”

“అయ్యో పాపం” అని ఒకావిడ లేచి సీటిచ్చింది. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసుగా. జేబులోంచి పటం తీసేలోగా పోలీసు స్టేషను దగ్గర దింపేశారు.

అల్లుడొచ్చి పడీ పడీ నవ్వాడు. “ఇదేం ఊరని ఆ యాత్రికుడు అడిగితే, దారినపోయేవాడెవడో ‘ఏమో’ అనుంటాడు మావయ్యా! ఆయన అదే రాసేసుకున్నాడు.” అమ్మాయి మాత్రం నాకు మతి తప్పిందని గుమ్మం దాటనివ్వడం లేదు.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నా పాత చెప్పులు పారెయ్యకు. చెల్లాయికి నా దీవెనలు చెప్పి, వెంటనే అమ్మాయికి ఒక ముక్క రాయి. నా బుర్ర బాగుందంటే అది నమ్మదు. పెళ్ళినాటి నుంచీ నేనింతేనని రాయి, నమ్మి తలుపు తీస్తుంది.