సత్తిబాబు చెక్క, నా వంకర బల్ల

జూలై 2008, మంగళవారం

రాయకపోతే ఏం మునిగిపోతుందిలే అని పడుకున్నాను గాని, గర్వం నిద్రపట్టనివ్వలేదు.

నేను సొంతంగా బిగించుకున్న, కంప్యూటర్ చెప్పినట్టు కత్తి తిప్పి చెక్క చెక్కే సీఎన్‌సీ రూటర్ బల్ల మీద నిన్నటిదాకా ఒక మూల అక్షరం లోతుగా తెగేది, ఎదుటి మూల గీతైనా పడేది కాదు. పడవ నడిపే సత్తిబాబేమో కొత్త పడవకు తండ్రి పేరు చెక్కమని టేకు చెక్క ఇచ్చి వెళ్లాడు. "జాగ్రత్తండి బాబాయిగారూ, నాన్న పాత పడవలో మిగిలింది ఇదొక్కటేనండి" అన్నాడు.

మూడు రోజులు తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్లగొట్టం పెట్టి బల్లను సమం చేశాను. "పెళ్లిచూపుల్లో నన్నైనా ఇంతసేపు చూశారా అండీ?" అంది మా ఆవిడ. వంకర మాత్రం పోలేదు.

ఈవేళ వెలిగింది. వరిచేను నీటికి సమంగా ఉండాలి. ఈ బల్ల మాత్రం పైన తిరిగే కత్తికి సమంగా ఉండాలి. ఆ కత్తి నడిచే పట్టాలే కాస్త వంకర! బల్ల మీద మామూలు చెక్క పలక బిగించి, ఆ కత్తితోనే దాన్ని అంచు నుంచి అంచుకు పల్చగా చెక్కించాను. తన దారికి తగ్గట్టు పలకను తనే చదును చేసుకుంది. వానలకు పలక ఉబ్బితే మళ్లీ చెక్కించాలేమో...

సాయంత్రం టేకు ఎక్కించాను. అక్షరాలన్నీ ఒకే లోతున పడ్డాయి. చదువురాని సత్తిబాబు వచ్చి, తండ్రి పేరంతా వేలితో తడిమాడు. చెక్కను సైకిలుకు కట్టుకుని రేవుకు వెళ్లిపోయాడు.