తాగేను అన్న మాట

చోడవరం, 1956 జనవరి, సోమవారం రాత్రి

తాగి లారీ నడిపినవాడు దాని యజమాని నరసింగరావు. కేసు మాత్రం ఆ లారీ గుద్దిన చెరకుబండి తోలిన మా అప్పన్న మావ మీద పెట్టాడు హెడ్ కానిస్టేబులు.

"తాగేవేట్రా?" అని అడిగాడట. "తాగేను బాబూ, బయల్దేరేముందే" అన్నాడట మావ. తాగింది అంబలి! అది రాయకుండా కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు ఆ దొంగ. నరసింగరావు నోట్లో సారా కంపుకేమో ఆయుర్వేదం మందు అరిష్టం పుచ్చుకున్నాడని వైద్యుడి చీటీ దొరికింది. మద్యనిషేధం పేదవాడి నోటికేనా?

"ఒప్పేసుకుంటే జుల్మానాతో పోద్దంటన్నారు, ఒరే గుంటడా" అన్నాడు మావ. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒప్పుకుంటే తాగుబోతువని జైల్లో ఎట్టేస్తారు. లారీ గుద్ది సచ్చిన నీ ఎద్దుకి నువ్వే దోషివంటారు మావా!" అని అరిచాను.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని నేను కాలేజీలో చదివే చట్టం పుస్తకంలో ఉంది. కానీ రేపు మేజిస్ట్రేటు అడిగితే ఈ అమాయకుడు మళ్లీ "తాగేను బాబూ" అంటే...

తెల్లారగానే పేటంతా తిరుగుతాను. ఆ పొద్దున మావతో అంబలి తాగిన బండివాళ్లందరూ, పోసిన అత్తతో సహా కోర్టుకు రావాలి. "మేమూ తాగేం, అంబలి!" అని ఒక్క గొంతుతో చెప్పాలి. రేపు పదిగంటలకి, కోర్టు గుమ్మం ముందు.