టమాటా కుండీలో రోజ్‌మేరీ

అత్తయ్యగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, మీరు పంపిన రోజ్‌మేరీ విత్తనాలు తప్ప.

నెల దాకా మొలవవని, కదపొద్దని మీరు చెప్పారు కదా. వంటగది కిటికీలో ట్రే పెట్టి, రోజూ నీళ్లు చిలకరిస్తూ పసిపాపలా చూసుకున్నాను. ఇరవై రెండో రోజున మీ అబ్బాయి "ఉత్త మట్టికి ఎన్నాళ్లు సేవ చేస్తావు?" అంటూ ఆ ట్రేని తన టమాటా కుండీలో బోర్లించేశారు. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు! వారం తిరక్కుండానే అందులో మూడు మొలకలొచ్చాయి. ఇప్పుడేమో "నా కుండీలో మొలిచాయి, నావే" అని పైవాటా టైలరుగారిని పిలిచి మరీ చూపిస్తున్నారు. పైగా టమాటా కోసమని రెండు పూటలా చెంబులతో నీళ్లు గుమ్మరిస్తున్నారు. మొలకలు కుళ్లిపోవూ?

ఎన్ని ఆకులొచ్చాక వేరే కుండీలోకి మార్చాలో వెంటనే రాయండి. అవి ఎవరివో కూడా మీ చేత్తోనే రాయండి. మోకాలి నొప్పి తగ్గిందా? మామయ్యగారికి నా నమస్కారాలు.

ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసేది మీ అబ్బాయే. దారిలో చదువుతారని తెలిసే రాశాను. ఇది మీకు అందిందంటే మాత్రం, మీ పెంపకానికి వంక పెట్టలేను.

మీ కోడలు