ఎనిమిదంతస్తులకు ఉజ్జాయింపు

1984 ఆగస్టు 6, సోమవారం
అనంతపురంలో సొంత ఆఫీసు తెరిచాక మొదటి పెద్ద పని! ధర్మవరం పట్టుచీరల వ్యాపారి శ్రీరంగప్పకు ఎనిమిదంతస్తుల భవనం కావాలట. కింద చీరల అంగడి, పైన లాడ్జి. శుక్రవారం భూమిపూజ. ఆలోపు స్తంభాలు ఎక్కడ రావాలో, ఎంత లావుండాలో చెబితే పని నాది. లేకపోతే బెంగుళూరు ఇంజినీరుది.

తీర్మానం: ఉజ్జాయింపు లెక్క మాత్రమే! భవనాన్ని పక్కకు నెట్టే గాలి తోపును స్తంభాలకు పంచెయ్యాలి. లోపలి స్తంభానికి రెండు పాళ్లు, చివరిదానికి ఒకటి. ప్రతి స్తంభానికీ నడిమధ్యలో వంపు ఉండదనుకోవాలి. ఒక్క పూట పని. ఖచ్చితమైన లెక్క జోలికి పోను. అది తర్వాత.

7, మంగళవారం
మధ్యాహ్నానికల్లా అయిపోయింది! రెండడుగుల స్తంభాలు, పదిహేనడుగుల ఎడం, చక్కటి వరుసలు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం: నడిమధ్యలో వంపు లేదనుకున్నాం, సరే. కింది అంతస్తులో ఆ చోటు కాస్త పైకి జరుగుతుందే! ఆ ఒక్క అంతస్తూ ఖచ్చితంగా చూసుకుంటాను. ఇది తీర్మానం తప్పడం కాదు, జాగ్రత్త.

8, బుధవారం
ఒకటి చూశాక రెండోది చూడకపోతే ఎలా? మూడోది కూడా మొదలుపెట్టాను. కిటికీ తెరిచానో లేదో, గాలి లెక్కలన్నీ గాలే ఎత్తుకుపోయింది. సగం దొరికాయి. మిగతావి మళ్లీ వెయ్యాలి.

నా భార్య లక్ష్మీదేవమ్మ వచ్చింది. "అన్నానికి రాకుండా ఏం చేస్తాండావు?"
"స్తంభం వంపు చూస్తున్నా."
"ముందు నీ నడుం వంపు చూసుకో."

9, గురువారం
శ్రీరంగప్ప స్వయంగా వచ్చాడు.
"ఏమప్పా దివాకర్, కంబాలు యాడొస్తాయి? గుంతలు తవ్వల్ల."
జవాబు నోటిదాకా వచ్చింది. రేపు ఒక్క అంగుళం తేడా వస్తే నా పరువేం కాను? పొద్దున్నే వచ్చి చెబుతానన్నాను.
"ముహూర్తం యెవురికోసమూ నిలబడదు" అని వెళ్లిపోయాడు.
నాలుగంతస్తులయ్యాయి. ఇంకా నాలుగే!

10, శుక్రవారం
బస్సు ఆలస్యం. (నేనూ ఆలస్యమే.) ధర్మవరం చేరేసరికి పూజ అయిపోయింది. ముహూర్తానికి ఈశాన్యంలో ఒక్క గుంత చాలు. కూలీలు ఎలాగూ వచ్చారు కదా అని శ్రీరంగప్ప మిగతావీ తవ్వించేశాడు. ఒకటి వేపచెట్టును తప్పించి, ఒకటి బావిని తప్పించి, రెండేమో ఒకదాన్నొకటి ఒరుసుకుని!

"పూడ్పించి మళ్లీ తవ్విద్దాం" అన్నాను.
"అన్నిటికీ పసుపు కుంకుమేసి టెంకాయ కొట్టినామప్పా. పూడ్చేది లేదు."
"నన్నడక్కుండా ఎలా తవ్వించారు?"
"అడిగితి కదా! నిన్న నువ్వు ఈడ అని ఒక్కమాట అనుంటే ఆడనే తవ్వుతాంటిమి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే సిగ్గు ఎక్కువేసింది. బెంగుళూరు ఇంజినీరు బుధవారం వస్తాడట. ఈ గుంతలకే స్తంభాల లావు ఆలోపు చెబితే పని ఇప్పటికీ నాదే.

12, ఆదివారం
తీర్మానం మళ్లీ! ఉజ్జాయింపు మాత్రమే. వంకర గుంతలను వరుసల్లో ఉన్నట్టే అనుకున్నాను. ఒక్క పూటలో అయిపోయింది.

అన్నం వడ్డిస్తూ లక్ష్మీదేవమ్మ అడిగింది. "ఇంతకూ కంబం యెంత లావుండల్ల?"
"సుమారు రెండున్నర అడుగులు."
నోటి వెంట వచ్చేసింది! ఎంత హాయిగా ఉందో! రేపు పొద్దున్నే వెళ్లి శ్రీరంగప్పకూ ఇదే మాట చెప్పేస్తాను.

మధ్యాహ్నం మూడు గంటలకు: సుమారు అంటే ఎంత సుమారు? ఆ ఒరుసుకున్న గుంతల్లో ఒక్కదాన్ని మాత్రం చూసుకుంటాను. ఒక్కటే.