గిద్దలూరి ఐసు పెట్టె

మే, 1959

బామ్మర్ది మాలకొండయ్యకు మీ బావ రాసేది. మీ అక్క ఇప్పుడిప్పుడే అన్నం తింటున్నది.

గిద్దలూరు పశువుల ఆసుపత్రిలో నువ్వు బాగుచేసిన, కిరసనాయిలు దీపంతో నడిచే పాత ఐసు పెట్టె బాగానే నడుస్తోంది. లోపలి గొట్టాల్లో అడ్డు తొలిగేలా తలకిందులుగా నిలబెట్టి, దీపం వత్తి మార్చి నువ్వు పడిన కష్టం వృథా కాలేదు. అది చెడిపోయినప్పుడు అందులోని గొర్రెల సూదిమందు కూడా పాడైంది కదా. "పెట్టె బాగైంది, కర్నూలు నించి కొత్త మందు తెప్పిస్తా. మందలన్నీ ఒక్కచోటే ఉంచండి, యాడికీ తోలబాకండి" అన్నాడు డాక్టరు.

ఒళ్లంతా పుండ్లు లేచే ఈ బొబ్బరోగం మందకు తగిలితే, ఇంకా సోకని మంచి గొర్రెలను విడదీసి నల్లమలలోకి తోలుకుపోవడం మన అలవాటు. ఈసారి నేనే ఇల్లిల్లూ తిరిగి, "మా బామ్మర్ది పెట్టె బాగుచేసినాడు, మందు వస్తాది" అని అందరినీ ఆపాను.

మందు రాలేదు. మన మందతో పాటు ఊరి మందలన్నీ పోయాయి.

నిన్న ఆ సంగతి చెప్పడానికి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు అంతా విని పెట్టె తలుపు తీశాడు. లోపల నిండా సోడాలే. "ఎండన పడి వచ్చినావు, తాగు పెద్దాయనా" అని ఒకటి నా చేతిలో పెట్టాడు.

పళ్లు జివ్వుమన్నాయి మాలకొండయ్యా. నీ పనికి వంక పెట్టలేను.