నా పింఛను, నా గుర్తు గొర్లు

జక్కుల శ్రీనాథ్ భార్య వసంత అనే నేను, వయస్సు యాభై తొమ్మిదేండ్లు, సూర్యాపేట సర్కారు దవాఖానల హెడ్ నర్సును, ఈ వీలునామాను నా ఇష్టప్రకారం రాయించుకుంటున్నాను. రాయించే ముందు నా బీపీ నేనే చూసుకున్న. పైది నూట నలభై, కిందది తొంభై. షుగరు కూడ చూసుకున్న. సోయిల ఉన్న, తెలివిల ఉన్న, ఎవ్వరూ నా చెయ్యి పట్టి రాయిస్తలేరు. భయం మాత్రం ఉన్నది. భయం ఉన్నోళ్లు వీలునామా రాయొద్దని చట్టంల ఎక్కడా లేదని దస్తావేజులు రాసే యుగంధర్ చెప్పిండు, అందుకనే ముందుకు పోతున్న. ఇంతకుముందు నేను రాసి చింపినవి ఏవీ చెల్లవు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కృప సిస్టర్‌కు అప్పగిస్తున్నాను. మిర్యాలగూడల మా ఇద్దరిదీ ఒకటే మొదటి పోస్టింగు. ఒక్క గదిల కిరాయికి ఉన్నం, ఒక్క పొయ్యి మీద వండుకున్నం. ఆమె పోయిన యేడు రిటైరైంది. ఎట్లుంది బతుకు అని అడిగితే, బాగనే ఉంది వసంతా, కూరగాయలు మాత్రం పొద్దుగూకినంక కొంటున్న, అప్పుడు అగ్గువకు ఇస్తరు అన్నది. ఆమె నవ్వుకుంటనే చెప్పింది. నాకు మాత్రం ఆ మాట లోపట గుచ్చుకొని కూసున్నది. నా తర్వాత నా వాళ్లు కొట్లాడుకుంటే ఆమె మాటే ఆఖరి మాట. ఆమె కోపానికి వస్తే డాక్టర్లే పక్కకు జరుగుతరు, మావోళ్లెంత.

2. నా పింఛను. నిజం చెప్పాల్నంటే నేను వీలునామా రాయాలనుకున్నదే దీని కోసం. నా సర్వీసుకు వచ్చే పింఛనుల కొంత మా ఆయనకు, కొంత బిడ్డకు, కొంత మా అన్నకు రాసియ్యాలని వచ్చిన. యుగంధర్ కలం పక్కకు పెట్టిండు. మేడమ్, పింఛను ఆస్తి కాదు, మీకు ఊపిరి ఉన్నన్ని రోజులే వస్తది, ఆ తర్వాత రూలు ప్రకారం మీ సారుకు ఫ్యామిలీ పెన్షన్ వస్తది, అందుల మీరు పంచేది ఏం లేదు అన్నడు. ఇంకో రెండేండ్లు చేస్తే ఆ పింఛను జర పెరుగుతదని మోకాళ్లకు పట్టీలు కట్టుకొని వార్డు మెట్లెక్కుతున్న. ఆ పెరిగేది ఎవ్వరికీ రాసియ్యనీకి రాదంట. కాబట్టి పింఛను గురించి ఈ వీలునామా ఏమీ చెప్పదు.

3. సూర్యాపేటల నా పేరున ఉన్న ఇంటిని నా భర్త శ్రీనాథ్ తన జీవితకాలం అనుభవించవలెను. అమ్మనీకి గానీ, తనఖా పెట్టనీకి గానీ ఆయనకు హక్కు లేదు. ఆయన మీద నమ్మకం లేక కాదు. ఎవరు వచ్చి జర మంచిగ మాట్లాడినా ఆయన సరే అంటడు. బట్టల దుకాణంల గుమాస్తాగ జిందగీ అంత చీరలు మడతపెట్టిండు. ఆ దుకాణం బంద్ అయినంక ఆయనకు పింఛను లేదు, ఇంకోటి లేదు, చేతుల మంచి మడత ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ నా యూనిఫాం మడతపెట్టేది ఆయనే.

ఫ్యామిలీ పెన్షన్ వచ్చినన్ని రోజులు ఆయన ఏటేటా తాను బతికున్నట్టు సర్టిఫికెట్ ఇయ్యాలె. ఈ మనిషి కరెంటు బిల్లు కట్టుడే మర్చిపోతడు. అందుకని ప్రతి నవంబరుల కృప సిస్టర్ వచ్చి ఆయనను పింఛను ఆఫీసుకు తోలుకపోవాలె. బీపీ గోలి పొద్దున, పరిగడుపున కాదు, టిఫిన్ తిన్నంక. ఏటీఎం కార్డు నంబరు ఎవ్వరికీ చెప్పొద్దు, చెప్పమని ఫోన్ చేసినోడు బ్యాంకోడు కాదు. ఇవన్నీ వీలునామాల రాసేటివి కావని యుగంధర్ అన్నడు. రాయి అన్న, రాసిండు.

ఒకరోజు నేను మా ఆయనను అడిగిన, జీతం సగమైతే ఏది సగం చేద్దాం, గ్యాసా, మందులా, పాలా అని. ఆయన చాయ పెట్టి తెచ్చిండు. ఆ చాయ తాగుకుంట నాకు ఏడుపొచ్చింది. ఆయన మంచోడు, గంతకు మించి ఏం రాయాల్నో నాకు తెల్వదు.

4. మా గల్లీల ఉండే రిటైర్డ్ టీచరు సోమన్న సారుకు మా గేటు కాడి అరుగు మీద పొద్దుగాల పేపరు చదువుకునే హక్కు ఆయన బతికున్నన్నాళ్లు ఇస్తున్నాను. షరతు ఒక్కటే, పింఛను ముచ్చట ఎత్తొద్దు. నేను డ్యూటీకి బయల్దేరే యాళ్లకే ఆయనకు అన్ని కథలు గుర్తొస్తయ్. ఫలానాయన నౌకరి దిగి ఎన్నాళ్లయినా రావాల్సిన పైసలు చేతికి రాలేదట, ఫలానామెకు ఆపరేషన్‌కు హెల్త్ కార్డు పనిచెయ్యలేదట. నేను వాలంటరీ రిటైర్మెంట్ దరఖాస్తు సంతకం చేసి, తేదీ ఎయ్యకుండ, బ్యాగుల పెట్టుకొని తిరుగుతున్న. సారు అరుగు దిగంగనే నా చెయ్యి బ్యాగు మీదికెల్లి పక్కకు పోతది. మళ్ల సాయంత్రం మోకాళ్లు సలిపితే బ్యాగు కాడికి పోతది. ఇట్లనే ఏండ్లు గడిచినయ్. ఈ వీలునామాకు సారే సాక్షి, సాక్షి సంతకం పెట్టేటాయనకు ఆస్తి రాయకుంటెనే మంచిదని యుగంధర్ అన్నడు. అరుగు మీద కూసునుడు ఆస్తి కాదు.

5. నా బిడ్డ స్వరూప. తన తండ్రి తర్వాత ఇల్లు సర్వహక్కులతో ఆమెకే చెందవలెను. నా మెడల గొలుసు, చెవుల కమ్మలు ఆమెవే. డ్యూటీల నాడి చూసేటప్పుడు పెట్టుకునే నా చేతి గడియారం కూడ ఆమెదే. కోదాడల ఒక ప్రైవేటు కాలేజీల పాఠాలు చెప్తది. జీతం ఒక నెల వస్తది, ఒక నెల రాదు. అయినా నా ముందట ఎన్నడూ పరేషాన్ పడలే. కోదాడకు పోయినంక దాని మాట కూడ మారింది, ఉంటుంది అంటది, అవుతుంది అంటది. నేను ఎక్కిరిస్తే నవ్వుతది.

బిడ్డా, నేను డ్యూటీ చేసేది నీ కోసమే అని చానాసార్లు అన్న. నువ్వు ఒక్కసారి, నా కోసం అయితే దిగమ్మా అన్నవ్. ఆ మాటకు నాకు కోపమొచ్చి రెండ్రోజులు ఫోన్ ఎత్తలే. గొలుసు ఇస్తున్న గని, ఆ మాటకు జవాబు కూడ బాకీ ఉన్న. కింద ఎనిమిదోదాంట్ల ఉంటది, చూడు.

6. మా వదిన లింగమ్మకు, అనగా మా అన్న గుండెబోయిన లక్ష్మణ్ భార్యకు, నా రిటైర్మెంటు ఫంక్షన్‌కని మిర్యాలగూడల కొనిపెట్టుకున్న పట్టుచీర ఇయ్యవలెను. చింపిన కాయితాలల్ల ఈమెకు ఏం రాయలే. కారణం చెప్తేనే మంచిది.

దామరచర్ల దగ్గర మా అమ్మగారి ఊరు. మాది గొర్ల కాపరుల ఇల్లు. నా పెండ్లికి మా అమ్మ మైసమ్మ నాకు ఒక ఆడపిల్లను ఇచ్చింది, గొర్రెపిల్లను. మావోళ్లల్ల ఎవరి గొర్రెకు వాళ్ల గుర్తు ఉంటది. నాది కుడిచెవి కొసకు చిన్న కోత. అత్తగారింటికి గొర్రెను పట్టుకపోతానా, అన్న మందలనే ఇడిసి వచ్చిన. చానా ఏండ్ల తర్వాత పెద్దగట్టు జాతరకు అందరం పోయినం. గుట్ట కింద వదిన కోయించిన పొట్టేలు తలకాయ చూస్తే కుడిచెవికి కోత ఉన్నది. నన్ను ఒక్కమాట అడగకుండ నా పొట్టేలును కోస్తవా అన్న. వదిన నా దిక్కు చూసి, నీ గుర్తు లేని పొట్టేలు మందల యాడున్నది అన్నది. చుట్టాలందరి ముందట నన్ను ఎక్కిరించిందని అనుకున్న. ఆ పూట అన్నం ముట్టలే. అప్పటి నుంచి వదినతోని మాట ఉంది గని మనసు లేదు.

7. మా అన్న లక్ష్మణ్. ఈ మే నెలల ఎండలు మండుతున్నప్పుడు ఆయన మందతోని కోదాడ దిక్కు పోయిండు. వరి కోసినంక మడిల మందను కూసోబెడితే ఎరువైతదని రైతులు ఎంతో కొంత ఇస్తరు. ఇంటికాడ మేపు తగ్గినంక ఆయన దూరాలు తిరుగుడు ఎక్కువైంది. ఆయన కొడుకు కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు పనికి పోతడు, మంద దిక్కు చూడడు. అరవై ఆరేండ్ల మనిషి, ఒక్కడే, వడదెబ్బ తగిలి పొలం గట్టు మీద పడిపోయిండు. కోదాడ నుంచి సూర్యాపేటకు పంపిన్రు. అంబులెన్సుల నుంచి దించిన మనిషి మొఖం మీది తువ్వాల తీస్తే మా అన్న. నా చేతులు ఎంతమందికి సూది ఏసినయో, ఆయనకు నరం దొరకలే. కృప ఉంటే బాగుండు అనిపించింది. కొత్తగ వచ్చిన పిల్ల సూది ఏసింది, నేను గోడకు ఆనుకొని నిలబడ్డ.

తెల్లారి సోయొచ్చినంక తిట్టిన. గింత వయసుల గొర్ల ఎనుక ఏం పని, అమ్మి కూసోరాదా, ఎవరి కోసం తిరుగుతున్నవ్ అన్న. ఆయన నా మొఖం చూసి, నీ కోసమే అన్నడు. నువ్వు వచ్చినప్పుడల్లా అంటవ్ గదా చెల్లె, నౌకరి దిగితే ఎట్ల బతుకుడో అని. నీ గొర్లు నా మందల ఉన్నయ్. ఆ ఒక్క గొర్రెకు పుట్టినయ్, వాటికి పుట్టినయ్, అన్నిటికి నీ గుర్తే పెట్టుకుంట వచ్చిన. మందల చానామటుకు నీయే. నువ్వు దిగిననాడు నీకు అప్పజెప్పి ఇగ నేను కూసుంట అన్నడు.

వదిన ఆనాడు ఎక్కిరియ్యలే. ఉన్న మాటే చెప్పింది.

నాకు మంచిగ కోపమొచ్చింది. పండుగకు పోయినప్పుడు నేను ఏదో నా బుగులు కొద్ది అన్న మాటలు. ఇంటికొచ్చి మర్చిపోయిన. ఆయన ఆ మాటలు మనసుల పెట్టుకొని ఎండల తిరిగిండు. ఇంకో రెండేండ్లు, ఇంకో రెండేండ్లు అని నేను దవాఖానల కుర్చీ పట్టుకొని కూసుంటే, ఆడ ఆయన మూసీ ఒడ్డు పొంటి వాడపల్లి దాక, మళ్ల కోదాడ దాక నడుస్తనే ఉన్నడు. నేను దిగితే తప్ప ఆయన ఆగడు. నాకన్న ముందే ఆయనకు ఏమన్న అయితే నేను ఏ పింఛను తెచ్చి ఏం చేసుకోవాలె?

కాబట్టి నా గుర్తు ఉన్న గొర్లు మొత్తం, మేకలు కలిస్తే అవి కూడ, మా అన్న లక్ష్మణ్‌కు, వదిన లింగమ్మకు సర్వహక్కులతో చెందవలెను. వాటి మీద నా భర్తకు గానీ, బిడ్డకు గానీ హక్కు లేదు. వాళ్లను అడిగిన, ఇద్దరూ సరే అన్నరు. గొర్లను అమ్ముకొని ఆ పైసలు బ్యాంకుల ఏసుకోవాలె, నెలనెలకు తీసుకొని తినాలె. నా పింఛను రాసియ్యనీకి రాదన్నరు. గొర్లు రాసియ్యొచ్చు. ఇది మా అన్న పింఛను.

ఒక్క పొట్టేలును మాత్రం ఉంచాలె. వచ్చే పెద్దగట్టు జాతరకు దాన్ని వదిననే కోయించాలె. నేను ఉంటే ఈసారి కడుపునిండ తింట. నేను లేకుంటే నా ఇస్తారాకు కూడ ఎయ్యాలె.

8. వీలునామా అనేది మనిషి పోయినంకనే పనికొస్తదని యుగంధర్ మళ్ల మళ్ల చెప్పిండు. మిగతావన్నీ అట్లనే ఆగుతయ్. ఏడోదాంట్ల గొర్ల ముచ్చట, ఈ ఎనిమిదోది మాత్రం ఆగవు, ఈ రోజు నుంచే అమలైతయ్. చట్టం ఒప్పుకోకున్నా మా అన్న ఒప్పుకుంటడు. ఆయనకు సదువు రాదు గనుక స్వరూప ఈ వారంలనే పోయి ఏడోది, ఎనిమిదోది చదివి వినిపించాలె. కోదాడ మాటల్ల కాదు, మన మాటల్ల చదవాలె.

ఈ పొద్దున నా దరఖాస్తు మీద తేదీ ఏసి ఆఫీసుల ఇచ్చిన. మూడు నెలల నోటీసు. ఫిబ్రవరి ఆఖరుకు దిగుత. భయం ఇంకా పోలే, అందుకే కింద సంతకం గిట్ల వంకరగ ఉంటది, ఎవ్వరూ అనుమానపడొద్దు. సగం జీతంతోని ఎట్ల వెళ్లదీస్తమో నాకు తెల్వదు. రావాల్సినవి ఎప్పుడొస్తయో తెల్వదు. కృపతోని పోయి పొద్దుగూకినంక కూరగాయలు కొంట. వదినకు రాసిన పట్టుచీర ముందు నేను ఒకసారి కట్టుకుంట. స్వరూపా, నువ్వు అడిగినదానికి జవాబు ఇదే.

అన్నా, ఈ రోజు నుంచి మందల పుట్టే ఏ పిల్ల చెవికీ నా గుర్తు పెట్టొద్దు. నాకు సాలు.

తేదీ: 14 నవంబరు 2025, శుక్రవారం. సూర్యాపేట.

సంతకం: జక్కుల వసంత
హెడ్ నర్సు, ఫిబ్రవరి ఆఖరు దాక

మా కండ్ల ముందట ఆమె చదివించుకొని విని సంతకం చేసింది, మేమూ చేసినం:
సాక్షి 1: సోమన్న, రిటైర్డ్ టీచరు, అదే గల్లీ
సాక్షి 2: కృప, రిటైర్డ్ హెడ్ నర్సు

రాసినది: యుగంధర్, దస్తావేజు లేఖరి. రాయొద్దన్నవి కూడ ఆమె చెప్పినట్టే రాసిన.