బద్లీ మనిషి

అయ్యా,

మా ఉమాకాంత్ హాజరు నిండుగా ఉందని, వచ్చే నెల డిగ్రీ పరీక్షకు రమ్మని మీ కాలేజీ పంపిన కాగితం సూరత్‌లో, నవాగామ్‌లోని మా గదికి అందింది. నేను వాడి తండ్రిని. ఇక్కడ మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తాను.

వాడు ఫౌజులో డ్యూటీ దిగి, బ్యారక్‌లో కంబళి కప్పుకుని, ఫోన్‌లో మీ పాఠాలు వినేవాడు. డిసెంబరులో మంచుకొండ మీది చౌకీకి పోయే ముందు నాకు ఫోన్ చేశాడు.

“బాపూ, పైన సిగ్నల్ దొరకది. నేనొచ్చేదాంక నా క్లాసుల జర నువ్వు కూసో” అన్నాడు.

నాకది తప్పని తోచలేదు. మా దగ్గర ఒకడు ఊరికి పోతే, వాడి మగ్గం చేజారకుండా ఇంకొకడు బద్లీ నిలబడతాడు. నేనూ అట్లాగే నిలబడ్డాను. మాస్టారు పేరు పిలిచినప్పుడల్లా ‘ఉన్నాను సార్’ అని టైపు చేశాను. పాఠం సగం అర్థం కాకపోయినా చివరిదాకా విన్నాను.

జనవరిలో మంచుచరియ విరిగిపడింది. వాణ్ణి జెండా కప్పి తెచ్చారు. దినాలు అయిపోయిన మరుసటి మంగళవారం ఫోన్‌లో క్లాసు గంట మోగితే మళ్లీ కూర్చున్నాను. అప్పటినుంచి ఒక్క క్లాసూ విడవలేదు. వాళ్లమ్మకు కూడా చెప్పలేదు.

కార్ఖానాలోనైతే, పోయినవాడు ఇక రాడని తెలిశాక సేఠ్ ఆ మగ్గాన్ని బద్లీవాడికే ఇస్తాడు. నాకది వద్దు. వాడి పేరు మీరే తీసేయండి. ఆ పేరు పిలవొద్దని మాస్టారికి మాత్రం ముందే చెప్పండి. ఆయన పిలిస్తే నేను మళ్లీ పలుకుతాను.

రాసింది,
ఉమాకాంత్ వాళ్ల బాపు